పింగ్ వస్తోంది సార్

మా నెట్ కుర్రాడు బండికి స్టాండు వెయ్యకముందే "రీస్టార్ట్ చేశారా సార్?" అంటాడు. నమస్కారం బదులు అదే. చేశామంటే నమ్మడు. తనే స్విచ్చి ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేస్తాడు.

తర్వాత సంచీలోంచి పవర్ మీటరు తీసి, ఫైబరు తీగ దానికి గుచ్చి "మైనస్ 19, బ్రహ్మాండం" అంటాడు. మైనస్‌లో బ్రహ్మాండమేవిటని మా ఆవిడ సందేహం. మైనస్ 27 దాటేదాకా మనకి నోరెత్తే హక్కు లేదట.

ఆపైన లాప్‌టాప్‌లో నల్లతెర తెరిచి పింగ్ కొడతాడు. "నాలుక్కి నాలుగూ వచ్చాయి సార్, లాస్ సున్నా." 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ తన నెట్‌వర్కు తిక్క కుదర్చడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రామది. విండోస్‌లో పంపేది 32 బైట్ల డేటా. వాకిట్లో నిలబడి "ఏవండోయ్" అని కేకేస్తే లోపల్నుంచి "ఆఁ" అన్నట్టు. ఇంట్లో మనిషున్నాడని తేలింది సరే, పొయ్యి మీద ఎసరుందో లేదో? నూటికి రెండు ప్యాకెట్లు పోతుంటే నాలుగు పంపితే ఏం దొరుకుతుంది?

స్పీడ్ టెస్టు ముల్లు కూడా రయ్యిమని లేస్తుంది. లేవదా మరి! ఆ సర్వరున్నది వాళ్ల నెట్‌వర్కులోనే, గడప దాటితే కదా.

నేనూ తక్కువ తినలేదులెండి. ఓసారి, దారిలోని రౌటర్లని వరసగా చూపించే ట్రేస్‌రూట్ కొట్టి, మూడో వరసలో చుక్కలు చూసి "ఇదిగో, ఇక్కడ తెగింది!" అని ఎగిరాను. కుర్రాడు నవ్వాడు. "తెగితే నాలుగోది ఎలా పలికింది సార్? మూడోవాడికి మాట్లాడే తీరిక లేదంతే." ఆ రౌటరు మన ప్యాకెట్లు మోస్తుంది, పలకరిస్తే మాత్రం పలకదు. ఆ రోజు కాఫీ నేనే పెట్టి ఇచ్చాను.

అసలు చిక్కల్లా వేళది. సినిమా ఆగి ఆగి వచ్చేది రాత్రి ఎనిమిదింటికి, అందరూ చూసేటప్పుడు. కుర్రాడొచ్చేది పొద్దున పదకొండింటికి, మీటర్లన్నీ పచ్చగా ఉన్నప్పుడు. వెళ్తూ "ఓటీపీ చెప్పండి సార్, కంప్లైంట్ క్లోజ్ చేస్తా" అంటాడు.

"మీ ఇంట్లోనూ మన నెట్టేనా?" అనడిగాను.

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మనదే సార్. రాత్రిళ్లు ఫోన్ డేటా పెట్టుకుంటాం... ఇంతకీ ఓటీపీ?"