నాలుగో గది దగ్గర

నేను పాయింట్ 32 రివాల్వర్‌ని. పుట్టింది కాన్పూరు ఆయుధ కర్మాగారంలో. ఇంగ్లండు వెబ్లీ రివాల్వర్ల మాదిరిగా నడుం దగ్గర మడుచుకునే ఒళ్లు నాది. లైసెన్సు కాగితాలన్నీ చేతులు మారాక గుడివాడ వైపు ఒక రొయ్యల రైతు ఇంటికొచ్చాను.

2024 ఎన్నికల కోడ్ రాగానే నన్ను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశారు. ఫలితాలొచ్చాక తిరిగొచ్చాను. వాడకం లేక లోపలి పాత నూనె జిగురుకట్టింది. ట్రిగ్గర్ ఒకసారి సాఫీగా వస్తోంది, ఒకసారి మొరాయిస్తోంది. నాకు డబుల్ యాక్షన్ ఉంది. ఒక్క నొక్కుతోనే సిలిండర్ తిరగాలి, హ్యామర్ వెనక్కి లేవాలి, చివర్లో విడిపడాలి. ఎక్కడ అడ్డుపడినా ఆ బరువంతా వేలికే తెలుస్తుంది.

రైతు నన్ను బెజవాడలో లైసెన్సున్న మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"స్ప్రింగు కాస్త కత్తిరిస్తే తేలికవుద్దేమోనండీ!"

"ఆగు బాబూ. ముందు ఎక్కడ పట్టేస్తోందో చూద్దాం."

ఆయన నన్ను మడిచి, సిలిండర్‌లో తూటాలు పెట్టే ఆరు గదులూ ఖాళీయేనని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాడు. గదుల పక్కన స్కెచ్ పెన్నుతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలేశాడు. హ్యామర్‌ను బొటనవేలితో ఆపుకుంటూ ట్రిగ్గర్ మెల్లగా నొక్కాడు. మూడు దాకా హాయిగా తిరిగాను. నాలుగు దగ్గర పట్టేసింది. మరో చుట్టు తిప్పాడు, మళ్లీ నాలుగే.

"ఆరింటికీ ఒకేలా బరువుంటే లోపలి స్ప్రింగునో, ఎండిన నూనెనో అనుమానించాలి. ఒక్కచోటే పట్టేస్తోందంటే తప్పు సిలిండర్‌తో పాటు తిరిగేదే" అన్నాడు.

ఖాళీ తూటా తొడుగులను బయటికి నెట్టే నక్షత్రాకారపు పలకను పైకి లేపాడు. దాని కింద కాలిన మందు మసి, నూనె కలిసి నల్లటి పొరగా పేరుకుంది. ఆ పొర వల్ల పలక పూర్తిగా కూర్చోక, నాలుగు దగ్గర వెనక గోడను రాసుకుంటోంది. బ్రష్‌తో గీకి, కిరోసిన్‌తో కడిగి, పల్చగా నూనె రాశాడు. ఈసారి ఆరూ ఒకే బరువుతో తిరిగాయి. అంతటితో వదల్లేదు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, ప్రతి గదీ గొట్టానికి సరిగ్గా ఎదురుగా నిలుస్తోందా, సిలిండర్ ఊగుతోందా అని కూడా చూశాడు.

స్ప్రింగు కత్తిరించి ఉంటే వేలికి సుఖంగానే ఉండేది. కానీ హ్యామర్ దెబ్బ బలహీనపడి తూటా పేలకపోవచ్చు, మసి మాత్రం అలాగే ఉండిపోయేది. పాత రివాల్వర్ కొనేవాళ్లకు నా మాట ఒక్కటే: బరువు తగ్గించమని అడక్కండి, ఏ గది దగ్గర బరువుందో అడగండి. ఆ అంకె తెలిస్తే సగం మరమ్మతు అయినట్టే.