తిండిసిద్ధుడి ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

మూలం:

ముందు చోటు వెదకి ముక్కుటిష్యువు పెట్టి
వరుస నిల్చి వెలను వాని నడిగి
తినిన పిదప ట్రేను తిరిగి యిచ్చెడువాడు
సింగపూర తిండిసిద్ధుడగును

అవతారిక: ఈ పద్యకర్త ఎవరో, ఏ టూరు ప్యాకేజీలో సింగపూర్ దిగాడో తెలియదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మన మెదకు సీమ కొలచాల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఆ నియమం ఈ టీకాకు కుదిరేట్టు లేదు. అక్కడి తిండి దుకాణాల సముదాయాలైన హాకర్ సెంటర్లలో బోర్డు మీద రాసినవాటి కంటే రాయని కట్టుబాట్లే ఎక్కువ. కవి చూస్తే నాలుగు పాదాల్లో చెయ్యి కడిగేసుకున్నాడు.

ప్రతిపదార్థం: ముందు = తిండి కొనకముందే; చోటు = బల్ల దగ్గర ఖాళీ కుర్చీని; వెదకి = వెతుక్కుని; ముక్కుటిష్యువు = జేబులో పట్టే టిష్యూ పొట్లాన్ని; పెట్టి = బల్ల మీద పడేసి; వరుస నిల్చి = క్యూలో నిలబడి; వెలను = ధరను; వానిన్ = దుకాణంలోని అంకుల్‌ను (ఆడమనిషైతే ఆంటీని; కవి ఆమెను మరిచాడు); అడిగి = వండకముందే అడిగి; తినిన పిదప = తిన్నాక; ట్రేను = గిన్నెలూ చెంచాలతో సహా పళ్లేన్ని; తిరిగి యిచ్చెడువాడు = దాని అరలో తానే పెట్టి వచ్చేవాడు; తిండిసిద్ధుడు = తినడంలో సిద్ధి పొందినవాడు; అగును = అవుతాడు.

తాత్పర్యం స్పష్టం. విశేషాలే మిగిలాయి.

టిష్యూ పొట్లంతో బల్ల పట్టడాన్ని అక్కడ ‘చోప్’ అంటారు. ఇది చట్టం కాదు, ఆచారం. గొడుగు పెట్టేవాళ్లూ, ఆఫీసు ఐడీ కార్డు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టిన జాతికి ఈ పాదం విడమరచి చెప్పాల్సిన పని లేదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా ఆఫీసుల వాళ్లు విరుచుకుపడతారు కనుక పదకొండింటికే వెళ్లినవాడికి పొట్లం ఖర్చు కూడా ఉండదు.

‘వరుస నిల్చి’ అన్నచోట కొన్ని హైదరాబాద్ ప్రతుల్లో ‘వరుస దాటి’ అని పాఠాంతరం కనిపిస్తుంది. ఛందస్సుకు సరిపోతుంది గానీ సింగపూర్‌కు సరిపోదు.

ఇక ‘వెలను’. ఈ ఒక్క మాటకే పద్యం నిలబడింది. మామూలు అన్నం, నూడుల్స్ దుకాణాల్లో ధర బోర్డు మీదే ఉంటుంది, అంతే ఇస్తే చాలు. చేపలూ రొయ్యలూ పీతలూ తూకానికి అమ్మే చోటే చిక్కు. 2009లో న్యూటన్ అనే హాకర్ సెంటర్లో అమెరికా యాత్రికులకు ఎనిమిది టైగర్ రొయ్యలకు 239 సింగపూర్ డాలర్లు వేశారు. వాళ్లు ఫిర్యాదు చేస్తే అధికారులు ఆ దుకాణాన్ని మూడు నెలలు మూయించారు. కాబట్టి వంద గ్రాములు ఎంత, మొత్తం తూకం ఎంత అని రొయ్య బాణలిలో పడకముందే అడగాలి. ఏసీ రెస్టారెంట్లది వేరే లెక్క. మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులుంటే ఒకటి పది శాతం సర్వీస్ చార్జి, రెండోది దాని మీద తొమ్మిది శాతం జీఎస్టీ. వంద డాలర్ల భోజనం 119 డాలర్ల 90 సెంట్లకు తేలుతుంది.

శంక: ఆరుబయట వేడిలో, రోడ్డు పక్క తిండి తింటే కడుపు ఏమైపోను? సమాధానం: అది రోడ్డు పక్క కాదు. 1970లు, 80లలో ప్రభుత్వం వీధి వ్యాపారులను కుళాయి, మురుగు కాలువ ఉన్న కట్టడాల్లోకి తరలించింది. ఇప్పుడు అలాంటి సెంటర్లు 110కి పైగా ఉన్నాయి, 2020లో యునెస్కో జాబితాకూ ఎక్కాయి. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. మంచినీళ్ల గ్లాసు ఎవరూ తెచ్చి పెట్టరు కనుక సీసా హోటల్లోనే నింపుకోవడం తెలివి.

‘ట్రేను’: 2021 సెప్టెంబరు 1 నుంచి హాకర్ సెంటర్లలో ఇది చట్టం. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. చక్కగా తిని, చెయ్యి తుడుచుకుని లేచిపోయే మనవాళ్లకు ఈ పాదం మీద ప్రత్యేక పారాయణం అవసరం.

‘తిండిసిద్ధుడు’ తెలుగూ సంస్కృతమూ కలిసిన వైరి సమాసమని వైయాకరణులు గొణుగుతారు. హాకర్ సెంటర్ స్వభావమే అది. ఒకే కప్పు కింద హలాల్ దుకాణం, పక్కనే పంది మాంసం దుకాణం; ట్రేలు పెట్టే అరలు మాత్రం వేర్వేరు. శాకాహారి ఇక్కడ రెట్టింపు జాగ్రత్తగా చదువుకోవాలి. పైకి కూరగాయల్లా కనిపించే వేపుడులో ఎండురొయ్యల ముద్ద ‘బెలచాన్’ ఉండొచ్చు, చార్ క్వే తియావ్ నూడుల్స్‌లో పంది కొవ్వు ఉండొచ్చు. ‘నో మీట్’ అంటే సరిపోదు, ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. ఓపిక లేనివాళ్లకు లిటిల్ ఇండియాలో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ దోసె ఉండనే ఉంది.

కవి పానం ఊసెత్తలేదు. ఇది క్షమించరాని లోపం. అక్కడి ‘కోపీ’ గింజలను చక్కెరతో, వెన్నతోనో మార్జరీన్‌తోనో నల్లగా వేయించి, గుడ్డసంచీలో డికాక్షన్ తీసి, అడుగున డబ్బాపాలు పోసి ఇస్తారు. అడగడమే ఒక సమాస రచన. ‘ఓ’ చేర్చితే పాలు పోయి చక్కెర మిగులుతుంది, ‘సీ’ చేర్చితే తీపి లేని చిక్కటి డబ్బాపాలు, చక్కెర వస్తాయి. ‘సియూ దాయ్’ అంటే తీపి తక్కువ, ‘కొసోంగ్’ అంటే అసలే వద్దు, ‘పెంగ్’ అంటే ఐసు. ఫిల్టర్ కాఫీ నాలుకకు ‘కోపీ సీ సియూ దాయ్’ దగ్గరి చుట్టం. కప్పు పుచ్చుకుని మెట్రో ఎక్కకూడదు. రైల్లో తింటే, తాగితే 500 డాలర్ల దాకా జరిమానా.

పానానికి రెండో అర్థం కోరేవారికి: రాత్రి 10:30 నుంచి ఉదయం 7 దాకా బహిరంగ స్థలాల్లో మద్యం తాగకూడదు, దుకాణాల్లో సీసా కొనుక్కుపోవడమూ కుదరదు. లిటిల్ ఇండియాలో 2013 డిసెంబరులో జరిగిన అల్లర్ల తర్వాత వచ్చిన 2015 చట్టం ప్రకారం ఆ పేటలో వారాంతాల్లో పగలు కూడా వీధిలో సీసా విప్పరాదు. లైసెన్సున్న హోటల్లో కూర్చుని తాగేవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. బిల్లు మీది రెండు కూడికలు వర్తిస్తాయి.