నొక్కితే నాలుగొందల పేజీలు

ఈ మధ్య సమీక్షా సమావేశాల్లో ఒక మాటకు ఎదురు లేకుండా పోయింది. "ఇది మనిషి రాసింది కాదు సార్, స్క్రిప్టు తీసిన రిపోర్టు. తప్పుండే ప్రశ్నే లేదు." ఆ మాట పడ్డాక ఇక ఎవరూ నోరెత్తరు. పెద్దాఫీసరు తలూపుతారు, చిన్నాఫీసరు రాసుకుంటారు, టీ వస్తుంది. తెరమీద నాలుగొందల పేజీల పీడీఎఫ్ దొర్లుతూ ఉంటుంది. పేజీకో ఊరు, ఊరికో మ్యాపు, పక్కన పట్టిక, పైన ఉత్తర దిక్కు చూపే బాణం, మూలన లోగో. ఇంత చక్కగా ఉన్నదాంట్లో అబద్ధం ఎక్కడ కూర్చుంటుందండీ? కుర్చీ కూడా ఖాళీ లేదు.

ఈ విద్య తెలియనివారికి రెండు ముక్కలు. మ్యాపుల సాఫ్ట్‌వేర్లలో ఎస్రీ కంపెనీ అమ్మే ఆర్క్‌జీఐఎస్ ఒకటి, గ్యారీ షెర్మన్ 2002లో మొదలుపెట్టగా ఇప్పుడు ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటున్న క్యూజీఐఎస్ ఇంకొకటి. రెండూ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో చెబితే వింటాయి. ఊళ్ల జాబితా, పొలాల హద్దులు, బావుల లెక్కలు ఇచ్చి పాతిక వరుసల స్క్రిప్టు రాస్తే, నలుగురు డ్రాఫ్ట్స్‌మన్లు నెల రోజులు చేసే పని అరగంటలో తేలిపోతుంది. నిజంగా గొప్ప సౌకర్యం. నా పేచీ ఆ సౌకర్యంతో కాదు. స్క్రిప్టు ఉంది కదా అని రిపోర్టు చదవడం మానేసి, పొలం గట్టు తొక్కడం మానేసి, సంతకం పెట్టడం మాత్రం మానని పెద్దమనుషులతో.

వాళ్ల నమ్మకం ప్రకారం స్క్రిప్టుకు పక్షపాతం లేదు. ఒప్పుకోవాల్సిందే. దానికి ప్రాంతీయ భేదాలు కూడా లేవు, పక్కా సమైక్యవాది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. కాగితం మీద 1.30 అని ఉంటే తెలంగాణ రైతుకు అది ఎకరం ముప్పై గుంటలు, అంటే ఒకటీ ముప్పావు ఎకరం. ఆంధ్ర రైతుకు ఎకరం ముప్పై సెంట్లు. స్క్రిప్టుకు ఈ గొడవలు పట్టవు. చుక్క కనబడితే దశాంశమే. ఆ తర్వాత ఆఫీసులో జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

"సారూ, నాది ఎకరం ముప్పై గుంటలు, మా తమ్మునిది ఎకరం ముప్పై గుంటలు. రెండు గలిపితే మూడెకరాల ఇరవై గుంటలు గాదా?"

"సిస్టంలో రెండు పాయింట్ అరవై చూపిస్తోంది పెద్దాయనా."

"అరవై గుంటలు యాడన్న ఉంటయా సారూ? నలబై గాంగనే ఎకరమాయె."

"సిస్టం అట్లనే తీసుకుంటది. నేనేం జేస్తా?"

అన్నదమ్ముల మధ్య 36 గుంటలు ఆవిరి. వాటిని ఎవరూ కబ్జా చేయలేదు, ఎవరూ లంచం తినలేదు. ఇంత నిజాయితీగా భూమి మాయమవడం మన రెవెన్యూ చరిత్రలో కొత్త ఘట్టమే.

తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా స్క్రిప్టుకు తెలుసు. మన ఫోన్లలో కనబడే వెబ్ మ్యాపులు ఎక్కువగా వెబ్ మెర్కేటర్ అనే పద్ధతిలో గీసినవి. గుండ్రటి భూమిని చదును చేయడానికి అది భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ నేలను సాగదీస్తుంది. చూసుకోవడానికి బాగుంటుంది, కొలవడానికి పనికిరాదు. విజయవాడ దగ్గర ఈ సాగుడు దాదాపు 9 శాతం. అంటే 100 ఎకరాల భూమిని ఆ పద్ధతిలోనే ఉంచి విస్తీర్ణం అడిగితే 109 ఎకరాలకు దగ్గరగా జవాబు వస్తుంది. కృష్ణ ఒడ్డున ఇరవై ఏళ్లుగా తంటాలు పడుతున్న రియల్ ఎస్టేట్ పెద్దలకు కూడా చేతకాని పని ఇది. ఒక గజం రోడ్డు కలుపుకోకుండా, ఒక అంగుళం చెరువు పూడ్చకుండా తొమ్మిదెకరాలు పుట్టించడం!

ఊళ్లను కదిలించడంలోనూ స్క్రిప్టుది అందె వేసిన చెయ్యి. యూటీఎం అనే కొలత పద్ధతిలో భూగోళాన్ని 6 డిగ్రీల వెడల్పు పట్టీలుగా విభజించారు. ఆంధ్రప్రదేశ్ అలాంటి మూడు పట్టీల మీద పరుచుకుని ఉంది. ఆదోని 43వ పట్టీలో, విజయవాడ 44లో, ఇచ్ఛాపురం 45లో. పట్టీ మారితే అంకెల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి, ఏ అంకె ఏ పట్టీదో చెప్పి తీరాలి. రాష్ట్రమంతటికీ 44 అని ఒక్క ముక్క రాసి పడేస్తే, 45లో కొలిచిన ఇచ్ఛాపురం 6 డిగ్రీలు పడమటికి జరిగి నిర్మల్ జిల్లాలో తేలుతుంది. సముద్రం లేదని ఇన్నాళ్లూ బాధపడిన తెలంగాణకు పాతిక వరుసల్లో తీరప్రాంతం సిద్ధం.

ఇక చెరువుల సంగతి. హైదరాబాద్ పరిసరాల్లో 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత) నుంచి 30 మీటర్లు బఫర్ జోన్ అని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. స్క్రిప్టులో "బఫర్ 30" అని రాస్తే సరిపోతుందనుకుంటాడు దాన్ని రాసే కుర్రాడు. అక్షాంశ రేఖాంశాల్లో ఉన్న డేటాకు 30 అంటే మీటర్లు కాదు, డిగ్రీలు. అప్పుడు హైదరాబాద్ చెరువు బఫర్ జోన్ పడమట అరేబియా ఎడారిలో మొదలై తూర్పున వియత్నాం తీరం దాటి ముగుస్తుంది. ఆ లెక్కన నోటీసులు రియాద్‌కు కొంచెం ఇవతలి నుంచి హనోయ్ దాకా పంచాలి.

సాఫ్ట్‌వేర్ పాపం మంచిదే, చెబుతుంది. డిగ్రీల్లో బఫర్ గీస్తున్నావు, చూసుకో అని హెచ్చరిస్తుంది. అయితే తెరమీద ఆ ఎర్రటి వరుసలు వస్తుంటే డెమో చూస్తున్న సార్లకు బాగుండదు. అందుకని పైథాన్‌లో హెచ్చరికలన్నిటి నోరూ మూయించే వరుస ఒకటి ఉంది, దాన్ని ముందే రాసిపెడతారు. తప్పు ఎదురైతే ఆగిపోకుండా, ఏమీ జరగనట్టు ముందుకు సాగిపొమ్మనే ఏర్పాటు ఇంకొకటి ఉంది, అదీ పెడతారు. ఈ రెండూ పెట్టాక స్క్రిప్టు ఎక్కడా ఆగదు. నలబై శాఖల అనుభవంతో మన యంత్రాంగం నేర్చుకున్న కళను అది ఒక్క పూటలో నేర్చేసుకుంటుంది.

పేర్ల దగ్గరకు వస్తే అసలు వినోదం. ఒక పట్టికలో ఊరి పేరు, మరో పట్టికలో అదే ఊరి పేరు, రెండూ కలిస్తేనే లెక్క. కొత్తపల్లిని ఇంగ్లిష్‌లో ఒకరు ఒక తీరుగా రాస్తారు, ఇంకొకరు ఇంకో తీరుగా రాస్తారు. అక్షరం తేడా వస్తే స్క్రిప్టు దృష్టిలో అవి వేర్వేరు ఊళ్లు. పాండాస్ అనే పైథాన్ పరికరానికి ప్రత్యేకంగా చెప్పకపోతే, రెండు పట్టికల్లోనూ దొరికిన పేర్లనే ఉంచుతుంది, మిగతావాటిని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. జిల్లాల కథ ఇంకా ఘనం. 2011 జనాభా లెక్కలు 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్రానివి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. పాత జనాభాను కొత్త మ్యాపుతో పేర్లు చూసి కలిపితే ములుగులో మనుషులే ఉండరు. జనాభా లేని జిల్లాకు మంచినీటి పథకం అవసరం లేదని రిపోర్టు సిఫార్సు చేస్తే తప్పెవరిది?

మన సర్వే నంబర్లంటే ఎక్సెల్‌కు మహా ప్రేమ. 5/2 అనే సబ్ డివిజన్‌ను అందులోకి తెచ్చామా, అది ఫిబ్రవరి 5వ తేదీ అయిపోతుంది. ఇదే జబ్బుతో వేగలేక జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చేసింది. మార్చి, సెప్టెంబరు నెలల్లా కనబడే పేర్లను ఎక్సెల్ తేదీలుగా తిప్పేస్తోందని. శాస్త్రవేత్తలు జన్యువుకు పేరు మార్చుకోగలిగారు. రైతు ఏం మార్చుకోవాలి? పొలమా?

ఇక షేప్‌ఫైల్ అనే పాతకాపు ఉన్నాడు. మ్యాపుల డేటా దాచుకునే 1990ల నాటి ఫార్మాట్, ఇప్పటికీ ఆఫీసుల్లో దానిదే రాజ్యం. కాలమ్ పేరు 10 అక్షరాలు దాటితే నరికేస్తుంది. క్రాప్ ఏరియా ఖరీఫ్, క్రాప్ ఏరియా రబీ అని ఇంగ్లిష్‌లో రెండు కాలమ్‌లు పెడితే ఖరీఫ్, రబీ రెండూ తెగిపోయి క్రాప్ ఏరియాలే మిగులుతాయి, రెండోదానికి గుర్తుగా ఒక అంకె తగులుతుంది. ఏది వానాకాలమో ఏది యాసంగో దేవుడికే తెలియాలి. తెలుగు అక్షరాలున్న డేటాకు ఎన్‌కోడింగ్ సంగతి చెప్పడం మరిచిపోతే, సర్వే నంబర్లలోని అ, ఆ లు ప్రశ్నార్థకాలుగా మారతాయి. నిజానికి రిపోర్టు మొత్తంలో నిజాయితీగా ఉన్నవి ఆ ప్రశ్నార్థకాలే.

కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీ గడిని సున్నా చేసేస్తాయి. భూగర్భజలం లోతు కొలవని బావికి లోతు సున్నా మీటర్లు పడిందనుకోండి, నీళ్లు నేలమట్టానికి వచ్చేసినట్టే. కరువుకు పేరుపడ్డ అనంతపురంలో కొలవని బావులన్నీ మ్యాపు మీద ముదురు నీలం రంగులో పొంగిపొర్లుతాయి. అక్షాంశం, రేఖాంశం రెండూ సున్నా అయితే బోరుబావి ఏకంగా ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో తేలుతుంది. మ్యాపుల వాళ్లు సరదాగా నల్ ఐలాండ్ అని పిలుచుకునే ఆ చోట దీవి ఏమీ లేదు, వాతావరణం కొలిచే బోయా ఒకటి ఉండేది. మన పథకాల లబ్ధిదారులకు మాత్రం అక్కడ కొరత లేదు.

ఇంత జరిగినా రిపోర్టు మీద నమ్మకం ఎందుకు సడలదంటే, దశాంశాల వల్ల. విస్తీర్ణం 2.4738291 ఎకరాలు అని ఉంటుంది. ఆ ఏడో దశాంశ స్థానం విలువ దాదాపు 4 చదరపు సెంటీమీటర్లు, తపాలా బిళ్లంత కూడా లేదు. ఆ హద్దును పట్టిన ఫోనేమో ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అక్షాంశానికి 15 దశాంశాలు వేసే స్క్రిప్టులూ ఉన్నాయి. పదిహేనోది పరమాణువంత దూరం. గట్టు ఎక్కడుందో తెలియదు కానీ గట్టు మీది పరమాణువు చిరునామా తెలుసు.

చివర్లో సిఫార్సులు కూడా స్క్రిప్టే రాస్తుంది. మండలం పేరుకో ఖాళీ, శాతానికో ఖాళీ పెట్టి ఒక వాక్యం తయారుచేస్తే చాలు, ఆరొందల మండలాలకు ఆరొందల మేధావులు మాట్లాడినట్టుంటుంది. అంకె దొరకని చోట స్క్రిప్టు 'నాన్' (అంకె కాదు) అని పెడుతుంది కాబట్టి "సాగు విస్తీర్ణం నాన్ శాతం పెరిగింది" అని పడుతుంది. చదివినవాళ్లుంటే నవ్వుకునేవారు. చదివినవాళ్లు లేరు కనుక అది ఆమోదం పొందుతుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ లెక్కలు పోగుచేసే ఏర్పాటు పాత ఎక్సెల్ ఫార్మాట్‌ను నమ్ముకుంది. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి రాలిపోయి 15,841 కేసులు రోజువారీ లెక్కకు ఎక్కలేదు. ఆ రోగులతో తిరిగినవాళ్లను వెతకడం ఆలస్యమైంది. పట్టికలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

చేత్తో రాసిన రోజుల్లో తప్పులు లేవా అని అడుగుతారు. బోలెడు. కరణం గారు కలం ఎటు తిప్పితే పొలం అటు తిరిగేది, అందుకే 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య వ్యవస్థను రద్దు చేసింది. తేడా ఒక్కటే. తప్పు రాసిన కరణం ఊళ్లోనే ఉండేవాడు, రచ్చబండ దగ్గర నిలదీయొచ్చు. చేతి తప్పు ఒక పేజీలోనే ఉండేది. స్క్రిప్టులో తప్పు నాలుగొందల పేజీల్లోనూ ఒకే ఫాంట్‌లో, ఒకే మార్జిన్‌తో ఉంటుంది, అందుకే తప్పులా కనబడదు. దాన్ని రాసిన కుర్రాడి కాంట్రాక్టు మార్చితో ముగిసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మీద పోలీసు కేసు పెట్టలేం. ఇక మిగిలింది కింద సంతకం చేసిన అధికారి. ఆయన చెప్పేది ఒకటే: "సిస్టం ఇచ్చింది."

కాబట్టి రిపోర్టు తెచ్చినవాళ్లను ముందు పేజీలో కొన్ని విషయాలు రాయమని అడగండి. డేటా ఏ తేదీది, విస్తీర్ణం ఏ కొలత పద్ధతిలో లెక్కించారు, చుక్క తర్వాత ఉన్నవి గుంటలా సెంట్లా. మొదట ఎన్ని వరుసలు తీసుకున్నారు, చివరికి ఎన్ని మిగిలాయి, పోయినవి ఏ ఊళ్లవి. ఎన్ని గడులు ఖాళీగా ఉన్నాయి, ఎన్ని హెచ్చరికల నోరు మూయించారు. పది పొలాలైనా ఎంచుకుని టేపు పట్టుకుని వెళ్లి కొలిచింది ఎవరు, కొలిస్తే ఎంత తేడా వచ్చింది. ఇవి రాయడానికి స్క్రిప్టుకు ఇంకో పది వరుసలు చాలు, మనిషికి ఒక రోజు పొలంలో తిరిగితే చాలు. ఆ పేజీ లేని రిపోర్టు ఎన్ని పేజీలున్నా దాని మీద సంతకం పెట్టకండి.