వంశలాంఛనం ఉన్న పళ్లెం కొనుక్కోవడం ఎలా

ముందుగా మనకు చెప్పుకోదగ్గ వంశం లేదని ఒప్పుకోవాలి. ఉన్నవాడికి ఇంకొకరి వంశలాంఛనాన్ని గోడకు తగిలించుకునే ఖర్మేమిటి?

ఆ తర్వాత సరుకు. స్పెయిన్‌లో వాలెన్సియా పక్కనే మనీసెస్ అనే ఊరుంది. 15వ శతాబ్దంలో అక్కడి కుమ్మరులు, చాలామంది ముస్లింలు, బంగారంలా తళుక్కుమనే మట్టిపళ్లేలు చేసి, నడుమ కొనేవాళ్ల లాంఛనం వేసి ఇచ్చేవారు. ఫ్లోరెన్స్ షావుకార్లు ఓడల్లో తెప్పించుకునేవారు. చాలావాటికి అంచున బెజ్జాలుంటాయి, గోడకు తగిలించడానికి. కాబట్టి ‘ఇందులో ఎవరైనా తిన్నారా?’ అని అడిగినవాణ్ణి జాలిగా చూడండి.

ధర ఇంట్లో సగం చెప్పండి, బయట రెట్టింపు చెప్పండి.

సింహం దొరికితే సింహం, గద్ద దొరికితే గద్ద. వారసులు మిగలని వంశమైతే మరీ మంచిది, పేచీ ఉండదు. ఇక ఆ లాంఛనం ఎవరిదో తేల్చే పనిలో పడ్డారా, పళ్లెం సంగతి మరిచిపోయినట్టే. 1904లో ఆల్బర్ట్ వాన్ డి పుట్ అనే ఆయన ఈ లాంఛనాల ఆచూకీ తీస్తూ ఏకంగా పుస్తకమే వేశాడు. బ్రిటిష్ మ్యూజియంలో రెక్కల్లాంటి పిడులున్న కూజా ఒకటుంది, ఫ్లోరెన్స్ మెదిచీ వంశానిది. వాళ్ల లాంఛనమైన డాలు మీది గుండ్లలో ఒకదానిపై లిల్లీపూలు వేసుకోవచ్చని ఫ్రాన్స్ రాజు 11వ లూయీ అనుమతిచ్చింది 1465లో. కూజా మీద ఆ పూలున్నాయి, కనుక కూజా ఆ తర్వాతిదే. ఈ ఒక్క ముక్క చాలు, కాఫీ చల్లారిపోయినా వచ్చినవాళ్లను కదలనివ్వరు మీరు. రైల్లో పక్కసీటాయన మన ఇంటిపేరు అడిగి, ఫలానావాళ్లు మీకేమవుతారని కూపీ లాగుతాడే, ఆ ఆనందమే ఇదీ. తమాషా ఏమిటంటే మెదిచీలూ బ్యాంకు నడుపుకున్నవాళ్లే. ఆ పూలు పుట్టుకతో వచ్చినవి కావు.

మెరుపులో బంగారం రవ్వంత కూడా లేదు. రెండుసార్లు కాల్చిన పళ్లెం మీద రాగి, వెండి కలిసిన జేగురుమట్టిని వెనిగర్‌తో కలిపి పూసి, మూడోసారి ఆవంలో గాలి తగ్గించి పొగబెడతారు. మసిపట్టి వస్తుంది. రుద్దితే తళుకు బయటపడుతుంది. ఇది మాత్రం చుట్టాలకు చెప్పకండి.

నిజానికి నేనూ తక్కువ తినలేదు. మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు ఒక అడుగు పక్కకు వేస్తే పసుపు మెరుపు ఊదాగా మారుతుంది, ఇంకో అడుగుకు వట్టి గోధుమరంగే. అది చూడాలనే వెళతాను. కళ్లు మాత్రం ముందు చీటీ మీదికే పోతాయి, ఎవరివాళ్లో చూద్దామని. కొన్ని పళ్లేలకు వెనకవైపు నిండా ఒకే గద్ద పరుచుకుని ఉంటుంది, చెయ్యి ఎత్తకుండా గీసినట్టు. అది షావుకారు లాంఛనం కాదు. కుమ్మరి సంతకమూ ఉండదు. ఆ చేతుల తర్వాతి తరాలను 1609లో వాలెన్సియా నుంచి వెళ్లగొట్టారు, వాన్ డి పుట్ లాంటివాళ్లు వెతకడానికి వాళ్లకు లాంఛనాలూ లేవు. గోడకు తగిలిస్తే కనపడనిది ఆ వెనకవైపే.

అన్నట్టు, అడుగున కోడిపుంజు బొమ్మ కనబడితే కంగారు పడకండి. 19వ శతాబ్దం చివర్లో ఫ్లోరెన్స్‌లో కాంటగల్లి వాళ్లు ఇలాంటివి అచ్చుగుద్దినట్టు చేశారు, ఆ పుంజు వాళ్ల గుర్తు. మీరు మాత్రం అదీ ఒక వంశలాంఛనమేనని దబాయించండి, పళ్లేన్ని ఇంకాస్త పైన తగిలించండి.