మీటరుకు తగ్గ ఫ్లోటు

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గానీ, మీ కుర్రాళ్ళకు దాని మీద మోజు ఇప్పుడు పుట్టుకొచ్చింది. మంచిదే. కొనండి, తుడవండి, ఆదివారం పూట ఊరంతా తిప్పండి. కానీ పెట్రోల్ ముల్లు కదలకపోతే మీరు చేసే పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వెంటనే ఫోన్ తీస్తారు, 'యూనివర్సల్' అని రాసున్న ఫ్లోటు యూనిట్ ఒకటి తెప్పిస్తారు, బిగించేస్తారు. ట్యాంకు నిండా కొట్టించినా ముల్లు ఖాళీ దగ్గరే కూర్చుంటే, మీటరు పోయిందని అదీ మార్చేస్తారు. రెండూ బాగానే ఉన్నాయిరా అబ్బాయ్, వాటికి జోడీయే కుదరలేదు!

మా రోజుల్లో కొత్త సామాను మాట చివర్న వచ్చేది. విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ ట్యాంకులోంచి యూనిట్ విప్పి, ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల చప్పుడైతే దానికి చిల్లు పడిందన్నమాట, పెట్రోల్ చేరి ఫ్లోటు మునిగిపోతోందన్నమాట. దాన్ని వేడినీళ్ళలో ముంచేవాడు. సన్నటి బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ గీత గీసేవాడు. లోపలున్నది పూర్తిగా పోయి ఆరేదాకా టంకం కర్ర ముట్టుకోనిచ్చేవాడు కాడు, ఎందుకంటే పెట్రోల్ ఆవిరి ఉన్న డబ్బా పేలుతుంది. ఆఖరికి పెట్టేది ఒక్క చుక్క టంకం. ఎక్కువైతే ఫ్లోటు మళ్ళీ బరువెక్కుతుంది మరి. ఇదంతా అయ్యేసరికి పొద్దు వాలేది. మేం బెంచీ మీద టీలు తాగుతూ కూర్చునేవాళ్ళం, ఎవరికీ ఏ తొందరా ఉండేది కాదు. ఇప్పుడు గంటలో బండి ఇవ్వకపోతే మీకు ఊపిరాడదు.

సరే, అసలు సంగతి విను. ఫ్లోటు పైకీ కిందికీ కదిలినకొద్దీ దాని చేయి ఒక తీగచుట్ట మీద జరిగి, కరెంటుకు అడ్డు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ అడ్డు ఎంతో ఓముల్లో కొలుస్తారు. అయితే కంపెనీకో లెక్క. స్టువర్ట్ వార్నర్ లెక్కలో ఖాళీకి 240, నిండుకు 33. వీడీఓ వాళ్ళది తిరగబడ్డ లెక్క, ఖాళీకి 10, నిండుకు 180. మొదటి రకం మీటరుకు రెండో రకం యూనిట్ తగిలిస్తే, ట్యాంకు నిండా ఉన్నప్పుడు ముల్లు పడుకుంటుంది, ఎండిపోయినప్పుడు నిక్కి నిలబడుతుంది. ఎత్తూ నడకా చూడకుండా రెండెద్దుల్ని ఒకే కాడికి కడితే దుక్కి ఎలా సాగుతుంది?

ఇంగ్లండు స్మిత్స్ మీటర్లలోనే రెండు జాతులున్నాయి. పాతదాంట్లో రెండు కాయిళ్ళు ఉంటాయి, తాళం తిప్పగానే ముల్లు చటుక్కున లేస్తుంది. అరవైల నడిమి నుంచి వచ్చినదాంట్లో వేడికి వంగే రేకు ఉంటుంది, ముల్లు తాపీగా ఎక్కుతుంది. ఈ రెండోదానికి వోల్టేజి స్టెబిలైజరు కూడా కావాలి. అది కరెంటును ఆపుతూ వదులుతూ సగటున 10 వోల్టులు అందిస్తుంది. ఆ చిన్న డబ్బీకి బాడీ ఎర్తు సరిగా అందకపోతే ముల్లు ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది. అది నమ్ముకుని బయల్దేరితే నడిరోడ్డు మీద ఆగడమే.

బీటిల్ కారు సంగతి తెలుసా? 1961 దాకా దానికి పెట్రోల్ మీటరే లేదు. బండి దగ్గినప్పుడు కాలితో రిజర్వు మీట తిప్పుకుని బంకు దాకా పోవడమే. అదీ సుఖం! మా బళ్ళ ముళ్ళు మాత్రం కచ్చితంగా చూపించాయా అంటే, లేదు. ఘాటెక్కితే ఒకలా, దిగితే ఒకలా ఉండేవి. కొత్త బళ్ళలో ముల్లు అట్టే ఊగదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయినా నాకు ఆ ఊగే ముల్లే ఇష్టం. దాన్ని చూస్తుంటే వెనకాల పెట్రోల్ కదులుతున్నట్టు తెలిసేది.

కాబట్టి నాయనా, డబ్బు పెట్టేముందు ఒక మల్టీమీటరు పట్టుకో. పాత యూనిట్ చేయిని అట్టడుగుకు దించి ఒకసారి, పైకెత్తి ఒకసారి ఓములు కొలిచి కాగితం మీద రాసుకో. తుప్పు పట్టి కొలత రాకపోతే, మీటరు ఏ జాతిదో చూడు. డ్యాష్‌బోర్డు వెనక ట్యాంకు తీగ ఊడదీస్తే ముల్లు ఖాళీకి పడిపోయి, ఆ కొసను రెండు క్షణాలు ఎర్తుకు ఆనించగానే నిండు వైపు ఎక్కడం మొదలుపెడితే అది రేకు రకం. అదే పాత కాయిళ్ళ రకమైతే సరిగ్గా దీనికి తిరగబడుతుంది. ఈ పరీక్ష ట్యాంకు దగ్గర చేయకు, నిప్పురవ్వ చాలు కొంప మునగడానికి. అంకెలు కలిసిన యూనిట్ దొరికితేనే కొను. విప్పిన పాతది మాత్రం తుక్కులో వేయకు. చుట్టు తెగినా ఫ్లోటు పనికొస్తుంది, ఫ్లోటు పోయినా చుట్టు పనికొస్తుంది. నీకు అక్కర్లేకపోతే నాకు ఇచ్చిపో.