పరుగెత్తని చేజు

నా పేరు చేజు. తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో, గోడకి జారబడి ఉన్న ఇనుప చట్రాన్ని. సీసం అక్షరాల కాలంలో శుభలేఖైనా కరపత్రమైనా నా నాలుగు పలకల మధ్యే కుదురుకునేది. చుట్టూ చెక్కముక్కలు దూర్చి బిగించాక, నన్నెత్తి నిలబెట్టినా ఒక్క పొల్లు రాలకూడదు. రాలిందా, కంపోజిటరు తిట్లన్నీ నాకే.

కదలకుండా పట్టి ఉంచడమే నా పని. మరి నాకీ పరుగు పేరేమిటని చాలాకాలం మథనపడ్డాను. ప్రూఫులు దిద్దే మేష్టారు ఒకరోజు తేల్చారు. ఇంగ్లీషులో ఈ మాటలు రెండట. నాది పెట్టె అని అర్థమున్న లాటిన్ 'కాప్సా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. వెంటపడే ఛేజ్ వేరు, అది వేటగాళ్ల మాట. తమాషా ఏమిటంటే 'క్యాచ్' దానికి తోడబుట్టిందే. పట్టుకోవడం క్యాచ్ వాటాకి పోయింది, ఛేజ్‌కి ఉత్త పరుగు మిగిలింది.

మనవాళ్లు దొంగని వెంటాడతారు, కుక్కని తరిమేస్తారు, బాకీ కోసం వెంటపడతారు. ఇంగ్లీషువాడికి మూడూ ఛేజే. క్రికెట్‌కి వచ్చేసరికి మన పేపర్లు 'లక్ష్య ఛేదన' అంటాయి. చెవికి ఛేజ్ లాగే ఉంటుంది గానీ, ఛేదించడమంటే పనైపోయినట్టే!

2009 నవంబరు 5న ఉప్పల్‌లో ఆస్ట్రేలియా 350 కొట్టింది. సచిన్ ఒక్కడే 175 చేశాడు. మనవాళ్లు 347 దగ్గర ఆగిపోయారు. మూడంటే మూడు పరుగులు.

మర్నాడు పొద్దున్నే మా ముసలి కంపోజిటరు మనవడు పేపరు తెచ్చాడు.

"తాతా, ఛేదనలో ఓడారని రాశాడేంటి? ఛేదిస్తే గెలిచినట్టే కదా?"

"ఛేజ్ అంటే వెంటపడ్డమేరా. దొరకాలని ఎక్కడుంది?"

"మరి అలాగే రాయొచ్చుగా?"

"వెంటపడి ఓడారని రాస్తే పేపరెవడు కొంటాడ్రా! నేనైతే 'చేజారిన ఛేజ్' అని పెట్టేవాణ్ణి."

అంటూనే నా దగ్గరికొచ్చి వంగాడు. ఎప్పుడో సిరా గడ్డకట్టి, నా మూల ఒక 'ఛ' తిరగేసి ఇరుక్కుపోయింది. గోటితో గీకాడు. రాలేదు.