ప్రాక్టీసు పందెగాండ్రకు కొన్ని హితవాక్యములు

మన కాలమున ఏ పనినైనను ఆ పని కొరకే చేయు మనుష్యుడు కంటబడుట దుర్లభమైపోయినది. పదవ తరగతి ఇంటరునకు ప్రాక్టీసు. ఇంటరు ఇంజనీరింగునకు ప్రాక్టీసు. ఇంజనీరింగు అమెరికాకు ప్రాక్టీసు. అమెరికా దేనికి ప్రాక్టీసో అచ్చటికి పోయినవారును ఇంతవరకు తేల్చి చెప్పినట్లు లేదు. పెద్దపిల్ల పెండ్లిలో వంట చెడినచో చిన్నపిల్ల పెండ్లికి సరిచేసికొందమని విస్తరి ముందు కూర్చున్న వియ్యంకునితోనే చెప్పగల జాతి మనది. ఇట్టి మనకు ట్రయథ్లాన్ అను క్రీడ లభించుట దైవఘటన యనియే చెప్పవలెను. ఏలయన, మొదట ఈది, తడి యారకమునుపే సైకిలెక్కి, అది దిగినవెంటనే పరుగెత్తవలసిన ఈ పందెము నాలుగు కొలతలలో దొరకును. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు గలది స్ప్రింటు. దానికి సరిగా రెట్టింపు ఒలింపిక్ పందెము. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు గలది అర్ధ ఐరన్‌మ్యాన్. దాని మొత్తము మైళ్ళలో 70.3 గనుక దానికి ఆ యంకెయే పేరైనది. అందుకు మరల రెట్టింపు అసలు ఐరన్‌మ్యాన్. ప్రతిదియు తన పైదానికి ప్రాక్టీసని చెప్పుకొనుటకు ఇంతకన్న అనువైన యేర్పాటు మరియే క్రీడలోను లేదు.

అర్ధ ఐరన్‌మ్యాన్ 2019లో గోవాకు వచ్చినది. నాటినుండి ఆదోనిలోగాని ఎమ్మిగనూరులోగాని తెల్లవారుజామున బిగుతులాగు తొడిగికొని కానవచ్చు పురుషు నెవ్వని నాపి యడిగినను, అతని దేహము పత్తిమిల్లుల వీధిలోను మనస్సు గోవాలోని మీరామార్ సముద్రతీరమునను ఉన్నట్లు తెలియును. అట్టివారి యుపకారార్థమే ఈ హితవాక్యములు.

మొట్టమొదట స్థలము నేర్పరచుకొనవలెను. గోవాకు ప్రాక్టీసగు స్ప్రింటు పోటీ మన వాకిటికి వచ్చువరకు వేచియుండక, నలుగురు మిత్రులను గూర్చుకొని మీరే యొకటి జరుపుకొనుడు. ఆదోని నుండి ఎమ్మిగనూరునకు రమారమి ముప్పది కిలోమీటర్లు. స్ప్రింటునకు ఇరువది చాలును గనుక, మీ సైకిలు పందెము ఈ యూరునకు చెందక ఆ యూరునకు చేరక, నల్లరేగడి పత్తిచేల నడుమ ఒక కల్వర్టు వద్ద ముగియును. సన్మానము చేయుటకు సర్పంచిగాని, చప్పట్లు కొట్టుటకు బాలురుగాని లేని ఆ స్థలమే ప్రాక్టీసు పందెమునకు సర్వవిధముల తగినది. గోవా పందెపు తొంబది కిలోమీటర్లను ఇదే బాటను పట్టి త్రొక్కినచో కర్నూలు పొలిమేరల దాకా పోగలరను సంగతిని మనస్సున నుంచుకొనుడు. నోట మాత్రము అనకుడు. అన్నచో ఎవరైన త్రొక్కి చూపుమందురు.

ఈతకు నీరు కావలెను. పశ్చిమ కర్నూలులో ఈ వాక్యమునకే కొందరు నవ్వుదురు. తుంగభద్ర దిగువ కాలువ హోసపేట ఆనకట్ట వద్ద బయలుదేరి, బళ్ళారి సీమను దాటి, మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములను చేరుసరికి, పైవారు తీసికొనగా మిగిలినదే మనకు దక్కునని ఆయకట్టు చివరి రైతు ఏటేట మొరపెట్టుచునే యుండును. అట్టి నీటిపై ఆధారపడిన పందెగానికి పంచాంగముతో పనిలేదు. ఆనకట్ట గేట్ల వార్తలే అతనికి తిథివారనక్షత్రములు. 2024 ఆగస్టులో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు రైతు పైరును గూర్చి విలపించుచుండగా, తన ఈతను గూర్చి విలపించు మానవుడు ఒకడుండినను ఉండవచ్చును. కాలువ పారు దినములలో ప్రవాహము వెంబడి ఈదినచో తుంగభద్రయే మీ పక్షమున సగము ఈదును; ఎవరెంత ఈదిరని గడియారము విచారింపదు.

ఈ చివరి మాటను హాస్యమునకు వ్రాసితిని గాని పాటింపవలదు. కాలువగట్లు నున్నగా ఏటవాలుగా నుండును. పట్టుకొనుటకు గడ్డిపోచయు దొరకదు. పైకి నిదానముగా కనబడు నీరు లోపల లాగును. బాగుగ ఈత వచ్చినవారిని సైతము కాలువలు పొట్టబెట్టుకొన్న సంగతి ఈ ప్రాంతమున తెలియని యిల్లు లేదు. గట్టుపై కనిపెట్టుకొని యుండు మనిషి ఒకడుండగా, నిలకడ నీటి చెరువులోనో బావిలోనో ఈదుడు. నడుమునకు బెండు గట్టి మనలను బావిలోనికి త్రోసి ఈత నేర్పిన పెద్దలు తలను నీటిపైన ఉంచుమనిరి. ట్రయథ్లాన్ గురువులు తలను నీటిలో ముంచుమందురు. ఈ రెండు సంప్రదాయములకు సమన్వయము కుదుర్చుటకే ఆరు మాసములు పట్టును. పది మీటర్ల బావిలో 750 మీటర్లనగా డెబ్బదియైదు మార్లు ఒక దరినుండి మరియొక దరికి పోవలెను. లెక్క తప్పినచో మరల మొదటినుండి మొదలుపెట్టకుడు, మీకు అనుకూలమైన సంఖ్యనే గ్రహింపుడు.

బట్టలు మార్చుకొనుట. దీనిని ఈ క్రీడలో నాలుగవ విద్య యందురు. పందెపు పుస్తకములలో దీనిని గూర్చి అధ్యాయములు గలవు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరునకు పుస్తకములతో పనియేమి? ఒక మంచి మగ్గపు దుప్పటి చాలును.

ఆహారము. ముందురాత్రి జొన్నరొట్టె. పందెపు ఉదయమున ఉగ్గాని తినవచ్చును. దానితో మిరపకాయ బజ్జీ తినుట పరుగులో మూడవ కిలోమీటరున తెలియును.

కుక్కలు. వేగ మభివృద్ధి చేయు శిక్షకులలో వీనికి సాటిలేదు, రుసుమును అడుగవు.

దారిలో పొలమునకు పోవు పెద్దమనిషి మీ పరుగును జూచి, “ఏమప్పా, బస్సు తప్పిపాయనా?” అని యడుగును. అవునని చెప్పుడు. ట్రయథ్లానును వివరింప బూనినచో ఆయన మర్యాదకొరకు నిలిచి వినును, ఆయన పొలమును మీ పందెమును రెండును చెడును.

ఇక ప్రధానమైన హితవునకు వచ్చితిని. ఇది ప్రాక్టీసు మాత్రమే యను మాటను ఎప్పుడు, ఎవరితో, ఏ స్వరమున చెప్పవలెనో తెలిసికొనుటయే ఈ విద్యకంతకును ప్రాణము. పందెము ముగిసిన పిదప చెప్పినచో అది సాకు. పందెమునకు ముందు చెప్పినచో అది వ్యూహము. కావున నీటిలో పాదము మోపకమునుపే, గడియారమును సరిచేయుచున్నట్లు తల వంచుకొని, వినవలసిన వారికందరకును వినబడునట్లు, “నేడు నెమ్మదిగానే పోదును, నాది గోవా లెక్క” అని పలుకుడు. వెనుకబడినచో నాడినిబట్టి పోవుచుంటి ననుడు. నడచినచో అర్ధ ఐరన్‌మ్యాన్‌లో నడువవలసివచ్చునేమోయని నడచి చూచితి ననుడు. మధ్యలో మానివేసినచో, ఎప్పుడు మానవలెనో తెలిసికొనుటయు శిక్షణలో భాగమేయని గంభీరముగా చెప్పుడు. దైవవశమున మీ వయస్సు వారిలో మూడవ స్థానము దొరికెనా, ఆ క్షణముననే ప్రాక్టీసు అను మాటను మరచి, అది పందెమేయని బంధుమిత్రుల ఫోన్లకెల్ల ఛాయాచిత్రసహితముగా పంపుడు. మీ వయస్సు వారిలో పాల్గొన్నవారు ముగ్గురేయను వివరమును ఛాయాచిత్రములో పట్టించుట కష్టము.

ప్రాక్టీసు అను మాటతో నా కింత విసుగెందుకని కొందరడుగవచ్చును. చిరకాలముగా నేను వ్రాయదలచిన ఒక మహాగ్రంథము గలదు. ఈ చిన్న వ్యాసములన్నియు దానికి ప్రాక్టీసేయని చెప్పుకొనుచునే నా తల నెరసినది. చిన్నదానిలో మన శక్తి యెంతయో బయటపడునను భయముచేత పెద్దదానిని తెరగా కట్టుకొందుము. పెద్దదాని దినము వచ్చుసరికి దానికన్న పెద్దదానిని వెదకుకొందుము. వాస్తవమునకు స్ప్రింటు చిన్నదే గాని మెత్తనిది కాదు. రమారమి గంటన్నరలో ముగియునట్టి ఆ పందెమున ఊపిరి తీసికొనుటకు సందు దొరకదు, సైకిలు దిగిన కాళ్ళు తమవి కానట్లు కొయ్యబారి కొంతదూరము మాట వినవు. నిజముగ పరుగెత్తినవానికి అది గోవాకు పనికివచ్చు పాఠములు రెండు మూడు నేర్పును: జనసమూహములో ఈదునప్పటి కంగారు, కొయ్యబారిన కాళ్ళతో తొలి కిలోమీటరు, తొందరలో హెల్మెట్టు పెట్టుకొనకయే సైకిలును పట్టుకొను తెలివితక్కువతనము. ప్రాక్టీసే గదాయని నెమ్మదిగ పోయినవానికి ఇందులో ఏదియు అబ్బదు. వాడు పందెమునకును పోలేదు, ప్రాక్టీసునకును పోలేదు.

వినోద మేమన, ఈ క్రీడ పుట్టుటయే ప్రాక్టీసు బాధ నుండి తప్పించుకొనుటకు. 1974 సెప్టెంబరు 25న కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో, మిషన్ బే తీరమున, పరుగుపందెముల వారి సంఘ మొకటి మైదానము చుట్టును తిరిగి తిరిగి విసిగి మార్పు కొరకు మొదటి ట్రయథ్లానును జరిపినది. అందు పాల్గొన్నవారిలో జాన్ కాలిన్స్ అను నావికాదళాధికారి యొకడు. ఆయనయే 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవులలో, వేరువేరుగా జరుగుచుండిన ఈతపందెమును, సైకిలుపందెమును, మారథానును ఒకే దినమునకు గుదిగ్రుచ్చి ఐరన్‌మ్యాన్ అనిపించెను. పదునైదుగురు బయలుదేరిరి, పన్నిద్దరు ముగించిరి. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషముల 58 సెకండ్లలో గెలిచెను. రెండవవాడైన జాన్ డన్‌బార్‌కు పరుగులో మంచినీళ్ళు అయిపోగా అతని సహాయకులు బీరు త్రాగించిరి. అంతకుముందు ఎవ్వరును చేసియుండని పని గనుక, ఇది దేనికో ప్రాక్టీసని చెప్పుకొనుటకు ఆ పదునైదుగురిలో ఒక్కనికిని అవకాశము లేకపోయెను.

వయోవర్గములను గూర్చి ఒక మాట. ఈ పందెములలో ఐదేసి యేండ్లకొక వర్గముండును. నలువది మొదలు నలువదినాలుగు వరకు ఒకటి, ఆపైన మరియొకటి. మన జాతరలలో ఎద్దుల బండలాగుడు పోటీలకు పాలపళ్ళు, రెండుపళ్ళు, నాలుగుపళ్ళు, ఆరుపళ్ళు అని విభాగము చేయుదురు. ఈ రెండవ పద్ధతియే ధర్మబద్ధమైనదని నా యభిప్రాయము. అనుమానము కలిగినచో నోరు తెరిపించి చూడవచ్చును. పైగా బండ ముందు నిలిచిన జత నేడు నెమ్మదిగా లాగుదుమని ముందుగా ప్రకటింపదు. యజమానులు ప్రకటింతురు, అది వేరు సంగతి.

ఉగాది సమీపించినపుడు ఆదోని, ఎమ్మిగనూరు బాటలలో సైకిలు ప్రాక్టీసు పెట్టుకొనకుడు. కన్నడసీమ నుండి శ్రీశైలమునకు కాలినడకన పోవు మల్లన్న భక్తులు మన యూళ్ళమీదుగ వేలకొలదిగా సాగుదురు. అందు కొందరు కాళ్ళకు పొడవైన కర్రలు గట్టుకొని వాని పైననే నడతురు. పగలు ఎండ, పాదములలో బొబ్బలు, ముందు నల్లమల అడవి. దారిలో ఊరివారు పోయు మజ్జిగ. వీరి చేతికి గడియారము లేదు, నాడి లెక్క లేదు. ఇది దేనికి ప్రాక్టీసని మీరు వారిని అడుగుటయు, వారు మీ సైకిలును చూచి జాలిపడి ఒక గ్లాసు మజ్జిగ మీకును ఇప్పించుటయు జరుగును. మజ్జిగ త్రాగుడు.

సైకిలు కొనుటను గూర్చి. ఇంటిలో దాని వెలను చెప్పవలసి వచ్చినపుడు, ఇది ప్రాక్టీసు సైకిలు మాత్రమేయనుడు. ఈ మాటకు రెండు లాభములు గలవు: నేటి ఖర్చు చిన్నదిగా కనబడును, రేపటి ఖర్చునకు పునాది పడును. గృహిణులు ఈ రెండవ లాభమును మనకన్న ముందుగనే గ్రహింతురు.

తుదకు గోవా ప్రయాణము. ఆదోనిలో రైలెక్కి, గుంతకల్లులో మారి, బళ్ళారి, హోసపేట, హుబ్బళ్ళిల మీదుగా వాస్కో చేరవచ్చును. హోసపేటలో రైలాగినపుడు, ఇచ్చటి ఆనకట్ట నీరు పారు సీమలోనే ప్రాక్టీసు చేసితిమని తోటి ప్రయాణికులతో చెప్పుకొనుటకు మీకు హక్కు గలదు. అచ్చట ఈతకు 1 గంట 10 నిమిషములు, మొత్తమునకు 8 గంటల 30 నిమిషములు గడువు. సైకిలుపై ముందువానికి పండ్రెండు మీటర్ల దూరములో నుండవలెను. ఎమ్మిగనూరు బాటలో పత్తిట్రాక్టరు వెనుక గాలికి చాటుగ త్రొక్కి సంపాదించిన వేగము అచ్చట చెల్లదు. పందెము ముగిసిన నాటి సాయంకాలముననే, పతకము మెడలో నుండగనే, ఇది పూర్తి ఐరన్‌మ్యాన్‌కు ప్రాక్టీసని ప్రకటింపుడు. ఆలసించినచో ఎంత సమయము పట్టినదని అడుగుదురు. సైకిలును రైలులో పార్సెలు వేయునపుడు వస్తువు వెల యను గడి యొకటి కాగితముపై కనబడును. దారిలో పోయినచో పరిహారము దానినిబట్టియే గనుక, అచ్చట మాత్రము యథార్థమును వ్రాయుడు. రసీదును ఇంటికి తేకుడు.